పాత విండోస్ 7 డిస్క్‌ను కొత్త కంప్యూటర్‌లోకి అలాగే మార్చుకోవచ్చా?

మాది చిన్న డీటీపీ షాపు, శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం. 2012లో కొన్న కంప్యూటర్‌లో విండోస్ 7, పేజ్‌మేకర్ 7 (పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్), తెలుగు టైపింగ్‌కు అను ఫాంట్లు ఉన్నాయి, పన్నెండేళ్ల ఫైళ్లన్నీ అందులోనే. 500 జీబీ సాటా హార్డ్ డిస్క్ వారం నుంచి టిక్ టిక్‌మంటోంది, ఆ చప్పుడు వింటుంటే టెన్షన్‌గా ఉంది. ఫైళ్లు మాత్రం వేరే డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకున్నాను.

మొన్న కొత్త కంప్యూటర్ కొన్నాను, ఇంటెల్ 12వ తరం, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (కొత్త రకం వేగమైన డిస్క్), విండోస్ 11. పాత డిస్క్ తీసి అందులో తగిలిస్తే డ్రైవ్ కనిపిస్తోంది, ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కానీ దాన్నుంచి బూట్ అవ్వట్లేదు. పాతది ఎంబీఆర్ (పాత పద్ధతిలో బూట్ అయ్యే) డిస్క్, కొత్త బోర్డులో యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి తప్ప పాత లెగసీ బూట్ లేదు, అందుకేనని అర్థమైంది. ఎస్ఎస్‌డీకి క్లోన్ చేసినా (ఉన్నదున్నట్టు నకలు తీసినా) విండోస్ 7లో ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉండదు కదా, బ్లూ స్క్రీనే వస్తుందేమో.

మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేద్దామంటే పేజ్‌మేకర్ సీడీ ఎక్కడో పోయింది (మా తమ్ముడు ఇల్లు సర్దాడు, ఇంక చెప్పేదేముంది).

డిస్క్‌2వీహెచ్‌డీ అనే టూల్‌తో పాత డిస్క్ మొత్తాన్ని ఒక ఫైలుగా చేసి వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిపే సాఫ్ట్‌వేర్) నడపొచ్చని విన్నాను. ఇలా ఎవరైనా చేశారా? అందులో అను కీబోర్డు సరిగ్గా పనిచేస్తుందా, ప్రింటర్‌కు నేరుగా ప్రింట్ ఇవ్వొచ్చా, విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడుగుతుందా? చప్పుడు చేసే డిస్క్ మీద అంతసేపు ఆ పని పెట్టడం మంచిదేనా, లేక ముందు ఇంకో సాటా డిస్క్‌కు క్లోన్ చేసుకోవాలా? పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడింది, కాస్త త్వరగా చెప్పండి.