ఫారం సాల్మన్ తప్పించుకుంటే నది సాల్మన్‌కు నిజంగా నష్టమా?

గచ్చిబౌలి_గాలం:
మా టీమ్‌లో ఒకాయన సాల్మన్ తినడం మానేశాడు. ఎందుకని అడిగితే, నార్వే సముద్రంలో వల పంజరాలు చిరిగి బయటపడ్డ ఫారం చేపలు నదుల్లోకి ఎక్కి అక్కడి చేపలతో కలుస్తున్నాయట, జాతే పాడైపోతోందట. నాకైతే ఇది అతిగా అనిపించింది. ఫారం సాల్మన్ ఆకాశం నుంచి ఊడిపడిందా? 1970ల మొదట్లో నార్వేలోనే నలభై దాకా నదుల నుంచి పట్టి తెచ్చిన చేపల సంతానమే కదా. యాభై ఏళ్ల కింద విడిపోయిన చుట్టాలు మళ్లీ కలిస్తే తప్పేంటి? బలహీనమైనవి ఉంటే ప్రకృతే ఏరేస్తుంది. తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి, తిట్లొద్దు.

రామ్‌నగర్_మార్కెట్:
కిలో రేటు చూసి నేనెప్పుడో మానేశా భయ్యా. జీన్స్ దాకా పోనే లేదు.

తార్నాక_జీవశాస్త్రం:
యాభై ఏళ్లే కదా అని తీసిపారేయకండి. ఆ యాభై ఏళ్లలో పదికి పైగా తరాలు మారాయి. ప్రతి తరంలోనూ తొందరగా బరువెక్కే చేపల్నే తల్లిచేపలుగా ఎంచుకుంటూ వచ్చారు. ఒకే తొట్టిలో, ఒకే మేత వేసి పెంచితే ఫారం పిల్ల నది పిల్ల కంటే రెండు మూడింతలు తూగుతుంది. మన ఫారం కోడికీ నాటు కోడికీ ఉన్న తేడా లాంటిదే. కాకపోతే ఫారం కోడిని పొలంలో వదిలితే సాయంత్రానికి కుక్క నోట్లో ఉంటుంది. ఈ చేప అంత తొందరగా పోదు, అసలు చిక్కంతా అక్కడే.

ఐర్లండ్‌లో బరిషూల్ అనే నది మీద ఒక ప్రయోగం చేశారు. 2003లో ఫలితాలు వచ్చాయి. ఫారం చేపల గుడ్లు, నది చేపల గుడ్లు, రెండూ కలిసిన సంకరం గుడ్లు ఒకే వాగులో పెట్టి, పుట్టిన పిల్లల్ని డీఎన్ఏతో గుర్తుపడుతూ పోయారు. వాగులో ఉన్నంతకాలం ఫారం పిల్లలదే పైచేయి. ఒళ్లు పెద్దది, ఆకలి ఎక్కువ, మంచి చోటు ఆక్రమించి నది పిల్లల్ని కిందికి తరిమేశాయి. సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికే రావాలిగా, అక్కడ చతికిలబడ్డాయి. గుడ్డు దశ నుంచి పెద్దయ్యి తిరిగొచ్చేదాకా మొత్తం కలిపి చూస్తే, నది చేప నూరు చోట్ల నెగ్గితే ఫారం చేప రెండు చోట్ల నెగ్గింది. సంకరాలు మధ్యలో ఎక్కడో ఆగాయి.

అంటే తాను బతకదు సరే, పోయేలోపు బతకాల్సినదాని చోటు కూడా లాక్కుంటుంది.

గచ్చిబౌలి_గాలం:
మేడమ్, మీరే నన్ను గెలిపించారు! నూటికి రెండే నెగ్గితే ఆ జీన్స్ వాటంతటవే కొట్టుకుపోతాయిగా?

తార్నాక_జీవశాస్త్రం:
ఒక్కసారి జరిగితే పోతాయండీ. ఏటా జరుగుతుంటే? నార్వే పంజరాల్లో ఎప్పుడు చూసినా కోట్లల్లో చేపలుంటాయి. నదులకు తిరిగొచ్చే సాల్మన్ 1980ల్లో పది లక్షల దాకా ఉండేది, ఇప్పుడు అందులో సగం కూడా లేదు. పంజరాల్లో వెయ్యికి ఒకటి తప్పించుకున్నా ఎంతవుతుందో మీరే లెక్కేయండి. 2016లో వందకు పైగా నార్వే నదుల చేపల్ని పరీక్షిస్తే దాదాపు సగం చోట్ల ఫారం జీన్స్ కలిసిన ఆనవాళ్లు దొరికాయి. ఒకవైపు ప్రకృతి కడుగుతూనే ఉంది, ఇంకోవైపు మనం పోస్తూనే ఉన్నాం.

ఉప్పల్_సందేహం:
సాల్మన్ తక్కువ వచ్చిందని 2024 వేసవిలో నార్వేలో 33 నదుల్లో చేపల వేట ఆపేశారు. అదంతా ఈ జీన్స్ వల్లేనా? సముద్రం వేడెక్కడం, పంజరాల దగ్గర పెరిగి చేపల ఒంటికి పట్టే సముద్రపు పేను, ఆనకట్టలు, వీటికి సంబంధం లేదా? పైగా 2017లో అమెరికా వాషింగ్టన్ తీరంలో పంజరం కూలి రెండు లక్షలకు పైగా అట్లాంటిక్ సాల్మన్ బయటపడ్డాయి. అక్కడి నదుల్లో సంకరాలు పుట్టుకొచ్చాయా? రాలేదు. ఊరికే టెన్షన్ పెడుతున్నారు.

తార్నాక_జీవశాస్త్రం:
వాషింగ్టన్ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు. అక్కడి నదుల్లో ఉండేవి పసిఫిక్ సాల్మన్ జాతులు, అట్లాంటిక్ సాల్మన్‌తో వాటికి జత కుదరదు. పోల్చాలంటే కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీసుకోండి. 2013లో ఒకే దెబ్బకు ఇరవై వేల దాకా ఫారం చేపలు తప్పించుకున్నాయి. తర్వాత చుట్టుపక్కల 18 నదుల్లో వెతికితే 17 చోట్ల సంకరం పిల్లలు కనిపించాయి. ఒక్క ప్రమాదానికే ఆ సంగతి.

మిగతా కారణాలున్నాయన్న మాట నిజమే. పేను గురించి నార్వే శాస్త్రవేత్తల సలహా సంఘమే ఏళ్లుగా మొత్తుకుంటోంది. అయితే ఆ సంఘమే పారిపోయిన చేపల్ని కూడా పేను పక్కనే పెద్ద ముప్పుగా రాస్తోంది, దాన్ని మీరు వదిలేశారు.

చెరువుకట్ట:
నార్వే ముచ్చట బాగుంది గానీ, మన ఇంటి సంగతి? జయంతి రోహు తెలుసు కదా, తొందరగా ఎదిగేలా తరతరాలుగా ఏరి పెంచిన రోహు రకం. 1992లో భువనేశ్వర్‌లో మొదలుపెట్టారు, సాయం చేసింది సాల్మన్‌ను అట్లా పెంచిన నార్వే సంస్థే. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్రల నుంచి తల్లిచేపలు తెచ్చి తరానికి పదిహేడు శాతం దాకా ఎదుగుదల పెంచారు. రైతుకు లాభమే, కాదనను.

నేను అడిగేది వేరు. మా చెరువుకు ప్రభుత్వం చేప పిల్లలు పంపుతుంది. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు కట్ట మీద దింపుతారు. చిల్లుల గిన్నెతో ఒక గిన్నెడు లెక్కపెట్టి, మిగతాదంతా గిన్నెల లెక్కన రాసుకుంటారు. సంచి నీళ్లు, చెరువు నీళ్లు కాసేపు కలవనిచ్చి వదులుతారు. సైజు చూస్తారు, సంఖ్య చూస్తారు. ఏ తల్లిచేపల పిల్లలివి, రోహూనా, బొచ్చె కలిసిన సంకరమా అని ఎవరూ అడగరు. వాన గట్టిగా కొట్టి మత్తడి దుంకితే ఆ చేపలు వాగులో పడి మూసీకి, అక్కణ్నుంచి కృష్ణకు పోతాయి. అక్కడ పంజరం చిరిగితే వార్త అవుతుంది. ఇక్కడ వదలడమే పథకం.

గచ్చిబౌలి_గాలం:
అన్నా, ఇది వేరే చర్చ, కొత్త థ్రెడ్ పెట్టు.

తార్నాక_జీవశాస్త్రం:
వేరేది కాదు, ఇక్కడే ఉండనివ్వండి. అయితే చెరువుకట్ట గారూ, ఒక తేడా చూడండి. నార్వేలో పెంపకం పెరగకముందు పట్టిన నది చేపల పొలుసులు కవర్లలో దాచి ఉంచారు. ఆ పొలుసు డీఎన్ఏను ఇప్పటి చేపతో పోలిస్తే ఎంత మారిందో తెలుస్తుంది. పొలుసును మైక్రోస్కోప్ కింద పెడితే ఇంకోటి కూడా కనిపిస్తుంది: నది చేపకు చలికాలం వలయాలు దగ్గర దగ్గరగా పడతాయి, ఏడాదంతా మేత తిన్న ఫారం చేపకు ఇంచుమించు సమానంగా పరుచుకుంటాయి. మీ వాగు చేపకు అలాంటి పాత నమూనా ఎక్కడైనా ఉందా? లేకపోతే పాడైందని మీరూ, పాడవలేదని వాళ్లూ ఊరికే అరుచుకోవాలి.

ఉప్పల్_సందేహం:
సంతానం కలగని చేపలు పెంచితే సరిపోదా? గుడ్డుకు ఒత్తిడి పెట్టి ట్రిప్లాయిడ్, అంటే రెండుకు బదులు మూడు క్రోమోజోమ్ సెట్లున్న చేపను, చేస్తారంటగా.

తార్నాక_జీవశాస్త్రం:
చేస్తారు. నార్వే పెద్ద ఎత్తున ప్రయత్నించింది కూడా. ఎముకల లోపాలు, పుండ్లు, రోగాలు ఎక్కువై వెనక్కి తగ్గింది. నది కోసం పంజరంలో చేపను ఏడిపించాలా అన్నది ఇంకో తలనొప్పి.

గచ్చిబౌలి_గాలం:
సరే, ఏటా జరుగుతుందన్న పాయింటు ఒప్పుకుంటా. కానీ నది చేపలు దండిగా ఉన్న చోట ఫారం చేపకు గుడ్లు పెట్టే జాగాయే దొరకదని, అక్కడ కలగలుపు తక్కువని చదివా. అంటే సమస్య నది బలహీనపడటం. ముందు దాన్ని బాగుచేయమనాలి, పెంపకందార్ల మీద పడితే ఏం లాభం?

తార్నాక_జీవశాస్త్రం:
మీరు చదివింది కరెక్టే. మరి ఆ నదిని బలహీనపరిచే పేను ఎవరి పంజరాల్లో పెరుగుతోంది? పారిపోయిన చేపల్ని నదుల్లోంచి ఏరే ఖర్చు నార్వేలో పెంపకందార్లే పెట్టుకుంటున్నారు. అది వాళ్ల బాధ్యత కాదంటారా?

రామ్‌నగర్_మార్కెట్:
ఆ ఏరిన చేప ఏ రేటుకు అమ్ముతున్నారో ఎవరికైనా తెలుసా?

చెరువుకట్ట:
పాత నమూనా మా దగ్గర ఏదీ లేదు మేడమ్. ఈసారి పిల్లల బండి వచ్చినప్పుడు హ్యాచరీ పేరు, తల్లిచేపల వివరం కాగితం మీద రాసిమ్మని మా సంఘం తరఫున అడుగుతా. ఇస్తే ఫొటో ఇక్కడే పెడతా.