పాఠశాల గ్రాంటు లెక్కల కోసం సమాచార హక్కు దరఖాస్తులో ఏ రికార్డులు అడగాలి?

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రుల తరఫున సభ్యురాలిని. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం నిబంధనల ప్రకారం 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏటా రూ.50,000 వరకు కాంపోజిట్ గ్రాంటు (బడి నిర్వహణ ఖర్చులకు ఇచ్చే నిధి) వర్తిస్తుంది. మా బడి ఆ పరిధిలోనే ఉంది. గ్రాంట్ల వినియోగాన్ని పర్యవేక్షించడం కమిటీ విధి అని 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

అయినా మినిట్స్ పుస్తకంలో మా సంతకాల పైన ‘గ్రాంటు నిబంధనల మేరకు ఖర్చు చేయడమైనది’ అన్న ఒక్క వాక్యమే ఉంది. ఆడపిల్లల మరుగుదొడ్డిలో కారుతున్న కుళాయికి మాత్రం ఇప్పటికీ గుడ్డపేలికే చుట్టి ఉంది, అది చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

సమావేశంలో అడిగితే లెక్కలు మండల విద్యాధికారి కార్యాలయంలో ఉన్నాయన్నారు, అక్కడ అడిగితే బడిలోనే ఉంటాయన్నారు. సమాచార హక్కు చట్టం కింద ‘2024-25 గ్రాంటు ఖర్చు వివరాలు’ కోరుతూ దరఖాస్తు చేయగా, 30 రోజుల గడువు ముగిసే ముందు ‘కోరిన రూపంలో సమాచారం లేదు’ అని జవాబు వచ్చింది. కాబట్టి ఈసారి ఒక్కొక్క రికార్డునూ పేరు పెట్టి అడగదలిచాను.

ప్రధానోపాధ్యాయులుగా గానీ కమిటీ సభ్యులుగా గానీ పనిచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు: క్యాష్ బుక్, వోచర్లు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (నిధులు ఖర్చయిన తీరును ధ్రువీకరించే పత్రం) కాక, ఇంకా ఏ రికార్డులను ఏ పేరుతో అడగాలి?