ప్రోబ్ 180 డిగ్రీల వద్దే ఉంది, మరి చిమ్నీలోని అమ్మోనియా ఎక్కడికి పోతోంది?

కిల్న్‌కాపరి (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులకు నమస్కారం. కడప జిల్లాలోని ఒక సిమెంటు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం చూస్తున్నాను. మాది 2014 ఆగస్టు తర్వాత మొదలైన కర్మాగారం కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లకు ఘనపు మీటరు పొగకు 600 మిల్లీగ్రాముల పరిమితి వర్తిస్తుంది. అది దాటకుండా ఉండడానికి కాల్సైనర్‌లోకి (కొలిమికి ముందు పచ్చి పొడిని కాల్చే గదిలోకి) అమ్మోనియా ద్రావణం పిచికారీ చేస్తున్నాము. అక్కడ ఖర్చు కాకుండా మిగిలి చిమ్నీ దాకా వచ్చే అమ్మోనియాను కొలవడానికి పోయిన ఏడాది వేడి ప్రోబు (చిమ్నీలోంచి గ్యాసును లాగే, ఫిల్టరున్న గొట్టం), దాన్ని కిందికి తెచ్చే 35 మీటర్ల వేడి లైను, గ్యాసును చల్లార్చకుండానే పరారుణ కాంతితో కొలిచే ఎఫ్‌టీఐఆర్ అనలైజరు పెట్టించాము. పాత అనలైజరులో గ్యాసును చిల్లరుతో చల్లబరిచి నీటిని తీసేస్తారు. అమ్మోనియా ఆ నీటితోపాటే డ్రెయిన్‌లోకి పోతుంది కనుక అది ఈ పనికి రాదు.

సమస్య ఇది. ప్యానెల్ మీద ప్రోబు, లైను రెండూ 180 డిగ్రీలు చూపిస్తున్నాయి. రా మిల్లు (సున్నపురాయి వంటి ముడి సరుకును పొడి చేసే మిల్లు) నడుస్తున్నప్పుడు అనలైజరు 7 మిల్లీగ్రాములు చూపిస్తుంటే, అదే గంటలో ల్యాబు వారు ఆమ్లంలో పట్టి కొలిచినప్పుడు 19 వచ్చింది. మిల్లు ఆపితే మా రీడింగు రెండు గంటలపాటు మెల్లగా ఎక్కుతూ 60 దగ్గర ఆగుతుంది. అనలైజరు మంచిదేనని సర్వీసు వారు, ప్రోబే అమ్మోనియాను మింగేస్తోందని ల్యాబు వారు అంటున్నారు. సెట్‌పాయింటు, అంటే ప్రోబు వేడిని ఉంచే అంకె, 200కు పెంచమని మా మేనేజరు గారి మాట. పెంచమంటారా?

సర్వీసు బాబాయ్

కిల్న్‌కాపరి గారూ, 19 ఏళ్లుగా చిమ్నీలెక్కి ఇవే ప్రోబులు విప్పుతున్న అనుభవంతో చెబుతున్నాను, పెంచవద్దు. 180 అనేది ఎవరో గాలిలోంచి తీసిన అంకె కాదు. సిమెంటు పొగలో ఉండే అమ్మోనియం క్లోరైడు ఆ వేడి వద్ద అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడుగా విడిపోతుంది కాబట్టి ఫిల్టరు మీద పేరుకోదు. బొగ్గు థర్మల్ కేంద్రమైతే కథ వేరు; అక్కడ సల్ఫర్ ట్రయాక్సైడు అమ్మోనియాతో కలిసి బైసల్ఫేటు అనే జిగురు పదార్థం అవుతుంది, దానికి 180 చాలదు. సిమెంటులో సున్నమే ఆ సల్ఫరును చాలావరకు పట్టేస్తుంది. ఊరికే 200 పెడితే గొట్టాల మీద, ఓ-రింగుల మీద పడే భారం మీరే మోయాలి.

మిల్లు సంగతికొస్తే, అందులో తిరిగే పచ్చి పొడి అమ్మోనియాను పీల్చుకుంటుంది. మిల్లు ఆగగానే పీల్చేవాడు ఉండడు, అంతా చిమ్నీకే వస్తుంది. పైగా సున్నపురాయిలో, బంకమట్టిలో సహజంగా ఉన్న అమ్మోనియా కూడా పచ్చి పొడిని ముందుగా వేడెక్కించే ప్రీహీటరు పై అంతస్తుల్లోనే విడుదలవుతుంది. కనుక 7 నుంచి 60కి పోవడం వింతేమీ కాదు. ప్రోబును అనుమానించే ముందు ల్యాబు 19 ఎలా వచ్చిందో అడగండి.

ఆమ్లసీసా

మిల్లు గురించి బాబాయ్ గారు చెప్పింది నిజమే, కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. 7, 19 రెండూ మిల్లు నడుస్తుండగా, ఒకే గంటలో వచ్చిన అంకెలు. మిల్లు ఇద్దరికీ ఒకటే కదా!

అమ్మోనియా మిగతా గ్యాసుల వంటిది కాదు. స్టీలు గోడకు, ఫిల్టరు మీది దుమ్ముకు, ఎక్కడైనా ఒక్క చుక్క నీరుంటే దానికి అంటుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత తీరిగ్గా వదులుతుంది. రెండు గంటల ఎక్కుడులో కొంత మిల్లుదీ, కొంత ఈ అంటుకోవడానిదీ అయి ఉండాలి. నాకు తెలియాల్సింది ఒకటే: ఆ 180 ఎక్కడ కొలిచారు? ప్యానెల్ చూపించేది హీటరు పక్కన దూర్చిన థర్మోకపుల్ వేడి మాత్రమే. ప్రోబు ముగిసి లైను మొదలయ్యే చోట నాలుగంగుళాల ఫిట్టింగు ఉంటుంది, దాని వేడి ఎంత?

లేజర్‌ప్రియుడు

చిమ్నీకి అడ్డంగా లేజరు పెట్టుకుంటే ప్రోబూ ఉండదు, లైనూ ఉండదు, ఈ గొడవా ఉండదు.

సర్వీసు బాబాయ్

లేజరు పెడితే దుమ్ము గొడవ, కిటికీ అద్దాల గొడవ, చిమ్నీ ఎండకు వంగినప్పుడల్లా గురి తప్పే గొడవ వస్తాయి. అది మరో చర్చలో చూసుకుందాం.

ఆమ్లసీసా గారూ, ఫిట్టింగు మీద కంపెనీ ఇచ్చిన ఇన్సులేషన్ జాకెట్ ఉంటుంది. 180 అంటే 180. మీ ల్యాబు వారు నమూనా తీసే గొట్టాల వరసలో ఫిల్టరును 120 వద్ద ఉంచి, గాజు గొట్టాన్ని రబ్బరు కార్కుతో బిగించి, ఆ అంకెతో మా యంత్రాన్ని తప్పుపట్టడం ఎంతవరకు సబబు?

గోదావరి యూరియా

యూరియా కర్మాగారంలో పనిచేస్తాను, ఒక్క మాట. మా దగ్గర ఒకసారి అమ్మోనియా సిలిండరుకు ఇత్తడి రెగ్యులేటరు బిగించి నెల రోజులు కాలిబ్రేషన్ (తెలిసిన గాఢత గల గ్యాసుతో యంత్రాన్ని సరిచూడడం) చేశారు. అమ్మోనియా ఇత్తడిని తింటుందన్న సంగతి రెగ్యులేటరు పచ్చబడ్డాక గాని ఎవరికీ గుర్తుకు రాలేదు. కిల్న్‌కాపరి గారూ, మీ కాలిబ్రేషన్ గ్యాసును ఎక్కడ నుంచి పంపుతున్నారు, అనలైజరు వద్ద నుంచా, ప్రోబు కొన నుంచా?

కిల్న్‌కాపరి

రెగ్యులేటరు స్టీలుదే. గ్యాసు మాత్రం అనలైజరు వద్ద నుంచే పంపుతున్నాము. ప్రోబు కొన నుంచి పంపే ఏర్పాటు ఉంది గాని, పెట్టించిన రోజు తప్ప మళ్లీ వాడలేదు.

ఆమ్లసీసా

అయితే ఏడాదిగా మీరు పరీక్షిస్తున్నది గదిలో ఏసీ కింద చల్లగా కూర్చున్న పెట్టెను మాత్రమే. చిమ్నీ మీద ఉన్న ప్రోబును, 35 మీటర్ల లైనును, ఫిల్టరును ఎవరూ పరీక్షించలేదు. దీన్ని కాలిబ్రేషన్ అని లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టిన వారెవరో వారికే తెలియాలి.

సర్వీసు బాబాయ్

ఆ సంతకం నా వంటి వాడిదే. రిపోర్టులను కారులో కూర్చుని రాసే ల్యాబుల నుంచి నేను పాఠాలు నేర్చుకోవలసిన అవసరం లేదు. ఒకచోట రెండు వేర్వేరు చిమ్నీలకు దశాంశంతో సహా ఒకే అంకె ఇచ్చిన రిపోర్టును నేను కళ్లారా చూశాను.

ఆమ్లసీసా

నేను కారులో కూర్చుని రాయలేదు. మే నెలలో, మంచు పెట్టెలో సీసాలు సర్దుకుని, 60 మీటర్ల ఎత్తున రెయిలింగు సగం ఊడిన ప్లాట్‌ఫారం మీద మూడు గంటలు నిలబడి నమూనా తీసిన దాన్ని. కిందికి దిగాక అక్కడి అధికారి మంచినీళ్లు ఇవ్వడానికి ముందే "అమ్మా, పరిమితికి లోపలే రాయండి" అన్నారు. రాయలేదు, మరుసటి ఏడాది ఆ పని మా ల్యాబుకు రాలేదు. కనుక రిపోర్టుల నిజాయితీ గురించి నాకు చెప్పవద్దు.

నిర్వాహకులు

వ్యక్తిగత ఆరోపణలు ఇంతటితో ఆపండి. ఫిట్టింగు వేడి ఎంతో తెలిసేదాకా ఇద్దరూ ఆగితే మంచిది.

కిల్న్‌కాపరి

ఈరోజు ఉదయం నేనే పైకెక్కాను. జాకెట్ ఉంది, కానీ ఫిల్టరు మార్చినప్పుడెప్పుడో విప్పి తిరిగి సరిగా చుట్టలేదు. ఒక పక్క అరచేయి పట్టేంత సందు ఉంది. ఫిట్టింగుకు థర్మోకపుల్ ఆనించి చూస్తే 64 డిగ్రీలు. విప్పితే లోపలి అంచు చుట్టూ తెల్లని పొర కనిపించింది. గోటితో గీకితే ఉప్పులా రాలింది, నీటిలో వేస్తే కరిగింది. ల్యాబులో దాని మీద కాస్టిక్ సోడా చుక్క వేయగానే ముక్కు పగిలేలా అమ్మోనియా ఘాటు వచ్చింది. 180 వద్ద విడిపోయిన ఉప్పు నాలుగంగుళాలు దాటగానే మళ్లీ ఉప్పయి కూర్చుందన్నమాట.

ఇంకొకటి కూడా చూశాను. దుమ్ము రాలడానికి ఫిల్టరును వెనక్కి ఊదే గాలి మా దగ్గర వేడి చేయని ఇన్‌స్ట్రుమెంట్ గాలి. ఊదిన ప్రతిసారీ ఫిల్టరు చల్లబడి, తేరుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతోంది.

50 పీపీఎం సిలిండరుతో పరీక్ష కూడా చేశాము. అనలైజరు వద్ద పంపితే 90 శాతం రీడింగుకు రెండు నిమిషాలు పట్టింది. ప్రోబు కొన నుంచి పంపితే పదకొండు. ఫిట్టింగు శుభ్రం చేసి హీటింగు టేపు చుట్టాక నాలుగు. మిల్లు నడుస్తుండగా ఇప్పుడు రీడింగు 14.

సర్వీసు బాబాయ్

జాకెట్ విషయంలో నాదే పొరపాటు, ఒప్పుకుంటున్నాను. అయినా 14 వేరు, 19 వేరు. మిగతా 5 ఎక్కడిది?

ఆమ్లసీసా

మీ 14 తడి గ్యాసులోది, ల్యాబు 19 పొడి గ్యాసు లెక్క. తేమ 14 శాతం అనుకుంటే మీ 14 పొడి లెక్కలో 16కు పైగా అవుతుంది. మిగిలిన 3 దగ్గర ల్యాబును అడగవలసిన ప్రశ్న ఉంది: ఫిల్టరును, గొట్టాన్ని కడిగిన నీటిని కూడా సీసాలో కలిపారా?

కిల్న్‌కాపరి

అడిగాను, కలిపారట.

సర్వీసు బాబాయ్

అదిగో! ఉప్పును కడిగి గ్యాసులో కలిపితే ల్యాబు అంకె ఎక్కువ రాకుండా ఎలా ఉంటుంది? అడిగింది అమ్మోనియా గ్యాసు గురించే గాని ఉప్పు గురించి కాదు.

ఆమ్లసీసా

చలికాలం పొద్దున మిల్లు ఆగినప్పుడు సిమెంటు చిమ్నీని చూడండి. మూతి దగ్గర ఏమీ ఉండదు, కొన్ని మీటర్ల పైన గాలిలో ఉన్నట్టుండి తెల్లని పొగ మొదలవుతుంది. అది బయటి చలికి అమ్మోనియా మళ్లీ ఉప్పుగా మారిన పొగ. పక్క ఊరి వారికి అది గ్యాసా, ఉప్పా అన్న తేడా ఏముంటుంది? వేడి ప్రోబు కూడా ఉప్పును విడగొట్టి గ్యాసుగా లెక్కవేస్తుంది కదా. మీ యంత్రం చేస్తే కొలత, మేము కడిగితే మోసమా?

రైన్‌తీరం

జర్మనీలో చిమ్నీ కొలతల పనిలో ఉన్నాను. ఇక్కడి ఐఎస్ఓ 21877 (2019) చేతి పద్ధతిలో, నమూనా తీసే వేడి వద్ద ఆవిరయి ఆమ్లంలో అమ్మోనియం అయాన్లు ఇచ్చేదంతా లెక్కలోకి వస్తుంది. అంటే మీరు ఎంచుకున్న వేడే మీ అంకెను నిర్ణయిస్తుంది. 120 వద్ద ఒకటి, 180 వద్ద మరొకటి. అందుకే యంత్రాన్ని, ల్యాబును పోల్చే ముందు రెండింటి వేడి ఒకటే చేస్తాము. ఐరోపాలో సిమెంటు కొలిమికి ఈ మిగులు అమ్మోనియా 30 నుంచి 50 మిల్లీగ్రాముల లోపు ఉండాలని 2013లో చెప్పారు కనుక, ఇక్కడ ఆ 3 కోసం ఎవరూ కొట్టుకోరు.

ఆమ్లసీసా

ఇక్కడ కొట్టుకోవడానికి అసలు పరిమితే లేదు. 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ కొలతలు తప్పనిసరి చేసినప్పుడు సిమెంటు నుంచి అడిగినవి ధూళి, సల్ఫర్ డయాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడ్లు. అమ్మోనియా అడగలేదు. కిల్న్‌కాపరి గారూ, మరి ఎవరూ అడగని అంకె కోసం ఇంత ఖర్చు ఎందుకు పెట్టారు?

కిల్న్‌కాపరి

దాపరికం లేకుండా చెబుతాను. ద్రావణం ఖర్చు తగ్గించడానికి. రీడింగు 7 ఉంటే "ఇంకా చిమ్మవచ్చు, వృథా కావడం లేదు" అని ప్రాసెస్ విభాగం, 19 ఉంటే "తగ్గించండి" అని కొనుగోలు విభాగం అంటాయి. ప్రోబు 180 వద్ద ఉందా లేదా అన్న తగాదా మా దగ్గర ఆరు నెలలుగా నడుస్తున్నది అందుకే. ఎవరికి కావలసిన అంకెను వారు నమ్ముతున్నారు.

సర్వీసు బాబాయ్

అయితే నా పక్కది కూడా చెబుతాను. నా కాంట్రాక్టులో యంత్రం నెలలో 95 శాతం సమయం రీడింగు ఇవ్వకపోతే బిల్లులో కోత. ప్రోబు కొన నుంచి గ్యాసు పంపితే, మళ్లీ నిలకడకు వచ్చేదాకా సుమారు 40 నిమిషాలు పోతుంది. నాలుగు వారాలు అలా చేస్తే ఆ గంటలు నా ఖాతాలో పడతాయి. అందుకే ఏ సర్వీసు వాడూ కొన నుంచి పంపడు, గదిలో పంపి సంతకం పెడతాడు. తెలియక చేస్తున్న పని కాదు.

ఆమ్లసీసా

ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే 180 గురించి ఇన్ని పేజీలు రాసేవాళ్లం కాదు.

కిల్న్‌కాపరి

ఫిట్టింగుకు హీటరు ఉన్న జాకెట్, ఊదే గాలికి చిన్న హీటరు రాసి పంపాను. సెట్‌పాయింటు 180 దగ్గరే ఉంచుతున్నాము. వారానికోసారి కొన నుంచి గ్యాసు పంపాలని కూడా రాశాను గాని, ఆ 40 నిమిషాలను ఎవరి లెక్కలో వేయాలో తేలక ఫైలు కొనుగోలు విభాగంలో ఆగింది.

సర్వీసు బాబాయ్

ఆ సమయాన్ని 95 శాతం లెక్క నుంచి మినహాయిస్తున్నట్టు వారి చేత ఒక్క సంతకం చేయించండి. సిలిండరు నేనే మోసుకొస్తాను.

ఆమ్లసీసా

ఆ రోజు నన్ను కూడా పిలవండి, నా సీసాలతో చిమ్నీకి ఉన్న పక్క నమూనా రంధ్రం దగ్గర నిలబడతాను. ఫిల్టరును ఈసారి 180 వద్దే ఉంచుతాను, కడిగిన నీటిని విడిగా కొలుస్తాను.