‘ట్వీ’ అన్న మాటను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:

స్కాట్లండ్‌లోని గ్లాస్గోకు చెందిన బెల్ అండ్ సెబాస్టియన్ అనే పాప్ సంగీత బృందం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. నాలుగు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఈ బృందం ప్రస్తావన వస్తే చాలు, ‘ట్వీ’ అనే విశేషణం తగిలిస్తారు. ‘స్వీట్’ అనే మాటను చిన్నపిల్లలు నోరు తిరగక పలికిన తీరులోంచి అది పుట్టిందని నిఘంటువులు చెబుతున్నాయి. మొదట్లో మెచ్చుకోలు, ఇప్పుడు ఎత్తిపొడుపు. ‘ముద్దుముద్దుగా’ అంటే ఎత్తిపొడుపు పోతోంది. ‘వెగటు’ అంటే తీపి పోతోంది. ఏమనమంటారు?

జవాబు:

దీనికి నామవాచకం వెతక్కండి, క్రియ వెతకండి. అన్నమయ్య ‘ముద్దుగారే యశోద’ అన్నాడు. ‘ముద్దు’ పక్కన చేరిన ‘కారు’ గసడదవాదేశంతో ‘గారు’ అయింది. ముద్దు దానంతట అదే జాలువారుతోంది, అందులో ఎవరి ప్రయత్నమూ లేదు. ఇప్పుడు ‘పోవు’ చేర్చి చూడండి: గారాలు పోవడం, వయ్యారాలు పోవడం, హొయలు పోవడం, టెక్కులు పోవడం. ఎదుటివాళ్లు చూస్తున్నారని తెలిసి చేసే పనులివి. ఐదేళ్ల పిల్ల గారాలు పోతే మురిసిపోతాం, ముప్ఫై ఏళ్ల మనిషి పోతే మొహం తిప్పుకుంటాం. ‘ట్వీ’లో ఉన్న ఎత్తిపొడుపు అచ్చంగా ఇదే. కాబట్టి ‘గారాలు పోయే పాటలు’ అని రాయండి.

అయితే ఆ మాట ఈ బృందానికి అతకదని నా గట్టి నమ్మకం. పాటలు రాసి పాడే స్టువర్ట్ మర్డాక్ 1980ల చివర దీర్ఘకాలిక అలసట జబ్బున పడి, ఏళ్ల తరబడి ఉద్యోగం చేయలేక ఇంటిపట్టునే ఉన్నాడు. పాటలు కట్టడం ఆ రోజుల్లోనే మొదలైంది. గొంతు పెంచడానికి ఒంట్లో సత్తువ లేని మనిషి కట్టిన పాటలు మెత్తగా కాక మరెలా ఉంటాయి? తేరుకున్నాక చాలాకాలం ఒక చర్చి హాలు పైన కాపురం ఉండి దాని బాగోగులు చూశాడు, చర్చిలో బృందగానం పాడాడు. ఆ నెమ్మది కూడా పాటల్లోకి వచ్చింది.

1996లో వచ్చిన వాళ్ల తొలి రికార్డు ‘టైగర్‌మిల్క్’లో మొదటి పాటే వినండి. చెల్లెలి పెళ్లినాడు తాను స్వలింగ ప్రేమికుడినని బయటపెట్టే అన్న, దేశం నుంచి పంపేయకుండా కాపాడటానికి చేసుకునే పెళ్లి, తన దగ్గర ఒప్పుకున్న పాపాలను నవలగా రాసేసే పాదిరి. ఇంత బరువును లాలిపాట గొంతుతో మోస్తాడు. బడిలో తోటివాళ్ల చేత వేధింపులు పడే పిల్లలు ఆయన పాటల్లో మళ్లీ మళ్లీ వస్తారు. వాళ్ల పక్కన నిలబడి పాడేవాడు గారాలు పోతున్నాడని నేను అనలేను.

ఇంకొక సంగతి. ఆ రికార్డును గ్లాస్గోలోని స్టో కాలేజీలో సంగీత వ్యాపారం చదివే విద్యార్థులు తమ ఎలక్ట్రిక్ హనీ సంస్థ తరఫున తెచ్చారు. మూడు రోజుల్లో రికార్డు చేశారు, వెయ్యి ప్రతులే వేశారు. 1999లో మళ్లీ విడుదలయ్యేదాకా అభిమానులకు అది దొరకని సరుకు. పేరు చూస్తే పులిపాలు. మన తెలుగులో దొరకనిదాన్ని ‘పులిజున్ను’ అంటాం. మీ వ్యాసంలో ఈ నుడికారాన్ని వాడుకోకపోతే నాకు బాధగా ఉంటుంది.

మరొకరి జవాబు:

‘గారాలు పోవడం’ చక్కగా కుదిరింది, కానీ బృందాన్ని పూర్తిగా విడిచిపెట్టకండి. పేరే ఒక ఫ్రెంచి పిల్లల కథలోని కుర్రవాడిదీ అతని కుక్కదీ. తొలినాళ్లలో విలేకరులకు దూరంగా ఉండి, రికార్డు అట్టల మీద స్నేహితుల ఫొటోలు వేసేవారు. బృందంలోని ఇజబెల్ క్యాంప్‌బెల్ గుసగుసగా పాడుతుంటే, చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం వాయిస్తుంటే నాకు ప్రాణం, అయినా అందులో కొంత గారాల పోకడ ఉంది. తమకు ఆ సంగతి తెలుసు కాబట్టే కాబోలు, 2003లో ట్రెవర్ హార్న్ అనే పేరున్న రికార్డు నిర్మాత చేత రికార్డు చేయించుకుని, తళతళలాడే పెద్ద ధ్వనిలోకి దూకారు. ఇజబెల్ అప్పటికే వెళ్లిపోయింది. ఆ మలుపు చెప్పకపోతే వ్యాసం సగమే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ నమస్కారాలు. విమర్శకుల మాటగా ‘గారాలు పోయే పాటలు’ అనీ, నా మాటగా ‘మెత్తని పాటలు’ అనీ రాస్తున్నాను. పులిజున్ను తప్పకుండా ఉంటుంది. మొదటి వాక్యం ఇలా మార్చాను: ‘ఒంట్లో ఓపిక లేని రోజుల్లో కట్టిన పాటలు కాబట్టి వీటిని గొంతు తగ్గించి పాడాలి.’ ‘పాడాలి’ బాగుందా, ‘పాడుకోవాలి’ అనాలా?

మొదట జవాబు ఇచ్చినవారు:

‘పాడుకోవాలి’. ఆయన మొదట తనకోసమే పాడుకున్నాడు.