పీహెచ్‌సీ కిశోర క్లినిక్‌కు పిల్లలు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న (వైద్యాధికారి, గ్రామీణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం - పీహెచ్‌సీ):
2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం (జాతీయ కౌమార ఆరోగ్య కార్యక్రమం) కింద, 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం మా కేంద్రంలో వారానికొక మధ్యాహ్నం క్లినిక్ నడుపుతున్నాము. పోషణ, మానసిక ఆరోగ్యం, లైంగిక ఆరోగ్యం, మత్తు అలవాట్లు అన్నీ అందులో భాగమే. అయినా చాలా వారాలు రిజిస్టరులో పేజీ ఖాళీగానే ఉంటోంది. వచ్చే ఒకరిద్దరూ తల్లి వెంట వచ్చి, మొటిమలకు మందు అడిగి వెళ్లిపోతున్నారు. వారానికొకసారి వేసుకునే నీలిరంగు ఐరన్ మాత్రల గురించి చెప్పడానికి మేము హైస్కూలుకు వెళ్లినప్పుడు గలగలా మాట్లాడే పిల్లలే ఇవాళ మా గేటు దాటడానికి ఎందుకు జంకుతున్నారు? గుమ్మంలో ఆకర్షణీయమైన పెద్ద బోర్డు పెట్టించాలని ఆలోచిస్తున్నాను. అంతకంటే ముందు చేయవలసినది ఏమైనా ఉందా?

సమాధానం 1 (డిగ్రీ విద్యార్థిని):
డాక్టర్ గారూ, నెలసరి సరిగా రావడం లేదని నేను నిరుడు మా దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. ఓపీ చీటీ రాసే ఆయన కిటికీలోంచే "ఏమిటమ్మా బాధ?" అని గట్టిగా అడిగారు. నా వెనుక నిలబడినవారిలో మా వీధి పెద్దమ్మ కూడా ఉన్నారు. కడుపునొప్పి అని చెప్పి, దానికి ఇచ్చిన మాత్రలే తీసుకుని వచ్చేశాను. నేను ఇల్లు చేరేసరికి, "మీ అమ్మాయి ఒక్కతే వచ్చిందేమిటి?" అని అక్కడి సిబ్బందిలో ఒకరు అమ్మకు ఫోను చేసి ఉన్నారు. ఆవిడ మంచి ఉద్దేశంతోనే చేసి ఉండవచ్చు కానీ, నేను మళ్లీ అటు వెళ్లలేదు. పైగా మా కాలేజీ బస్సు ఊరు చేరేసరికి సాయంత్రం అయిదున్నర అవుతుంది. మీ మధ్యాహ్నపు క్లినిక్‌కు మేము ఎలా రాగలము?

సమాధానం 2 (విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు):
ఆ బోర్డు ఆలోచన మానుకోండి డాక్టర్ గారూ. దాని కింద నుంచి లోపలికి వెళ్లే పిల్లను ఊరంతా చూస్తుంది. ముందు చీటీ దగ్గర సమస్య అడగడం ఆపించి, పేరు, వయసు మాత్రమే రాయించండి. "పెళ్లయిందా?" అనే ప్రశ్నతో మాట మొదలుపెట్టవద్దని నర్సులకు చెప్పండి, ఆ ప్రశ్న వినగానే పిల్ల నోరు మూసుకుంటుంది.

మగపిల్లల సంగతి ఎవరికీ పట్టదు. స్వప్నస్ఖలనం జబ్బేమోనని భయపడే కుర్రవాడు ఆడమనిషి అయిన ఏఎన్ఎమ్‌కు (గ్రామ ఆరోగ్య కార్యకర్తకు) చెప్పుకోలేడు. బస్టాండు గోడల మీద పోస్టరు చూసి, లాడ్జిలో మకాం వేసిన "వైద్యుడి" దగ్గరకు వెళ్లి వేలకు వేలు పోసి వస్తాడు. అతనితో మాట్లాడటానికి మీ దగ్గర మగ కౌన్సిలరో, హెల్త్ అసిస్టెంటో తప్పక ఉండాలి. ఒక్కో ఆశా కార్యకర్త పరిధిలో ఇద్దరు అబ్బాయిలను, ఇద్దరు అమ్మాయిలను పీర్ ఎడ్యుకేటర్లుగా (తోటివారికి ఆరోగ్య విషయాలు చెప్పేవారిగా) ఎంచుకోవాలని ఈ కార్యక్రమమే చెబుతోంది. క్లాసులో మొదటి ర్యాంకు వారిని కాక, తోటివారు నమ్మేవారిని ఎంచుకోండి.

సమాధానం 3 (మరో వైద్యుడు):
గోప్యత గురించి ఒక హెచ్చరిక. 18 ఏళ్లు నిండనివారికి సంబంధించిన లైంగిక చర్య మన దృష్టికి వస్తే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వక తప్పదు. అందుచేత "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చి తరువాత తప్పడం కంటే, ఏది మన మధ్యే ఉంటుందో, ఏది ఉండదో ముందే చెప్పడం మేలు. పరస్పర సమ్మతితో గర్భం దాల్చిన మైనరు గర్భస్రావానికి వచ్చినప్పుడు, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కరలేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఈ సంగతి తెలియక భయంతో ఇటువంటి పిల్లలను వెనక్కి పంపేసే వైద్యులు ఉన్నారు. దిగులు, నిద్రలేమి వంటివాటితో బాధపడుతూ నేరుగా రాలేనివారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. బోర్డు పెట్టించడం లేదు. అమ్మా, మీ అనుభవం చదివాక చీటీ కిటికీ దగ్గర కాసేపు నిలబడి చూశాను. అక్కడ అడిగే ప్రతి మాటా బల్లల మీద కూర్చున్నవారందరికీ వినబడుతోంది. బుధ, శనివారాల్లో తప్ప మా టీకాల గది ఖాళీగానే ఉంటుంది, దానికి వెనుక వైపు వేరే ద్వారం ఉంది. గురువారాల్లో సాయంత్రం ఆరున్నర వరకు ఉండటానికి ఒక స్టాఫ్ నర్సు, మగ హెల్త్ అసిస్టెంటు ఒప్పుకున్నారు. అయితే ఆ గది కిటికీ సరిగ్గా బస్టాపు వైపే ఉంది. ముందు దానికి తెర కుట్టించాలి.