‘పొటెన్షియల్ భేదం’: బరువంతా ‘భేదం’ మీదే

మనం వోల్టేజి అనేదాన్నే భౌతికశాస్త్రం పుస్తకంలో ‘పొటెన్షియల్ భేదం’ అంటారు. ఈ మాటకు మన ఇళ్లలో వాడే తెలుగు మాట ఏదైనా ఉందా అని గుంపులో ఒకరు అడిగారు. నాకు వెంటనే తట్టింది ‘మెరక–పల్లం’. ఏ మడీ తనంత తానుగా మెరక కాదు, పక్క మడితో పోలిస్తేనే మెరక. నీరు పల్లమెరుగు అంటాం కదా, నీటిని కదిలించేది ఆ తేడాయే. సెల్ మీద 1.5 వోల్టులు అని రాసి ఉంటే, అది దాని రెండు కొనల మధ్య ఉన్న తేడా. ఒక కూలుంబు విద్యుదావేశం ఆ తేడా దాటితే 1.5 జౌళ్ల పని జరుగుతుంది. ఒక్క కొన చూపించి ‘ఇక్కడ ఎన్ని వోల్టులు?’ అంటే, ‘దేనితో పోలిస్తే?’ అని ఎదురు అడగాల్సిందే. 11,000 వోల్టుల తీగ మీద పిట్ట హాయిగా కూర్చునేది కూడా అందుకే. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి, వాటి మధ్య తేడా దాదాపు లేదు.

పిల్లలు ‘బల్బులో వోల్టేజి ప్రవహిస్తుంది’ అని రాస్తుంటారు. నాకు బాధ కలిగించే వాక్యం ఇదే. కరెంటు బల్బు గుండా పోతుంది, వోల్టేజి బల్బు కొనల మధ్య ఉంటుంది. ‘గుండా’, ‘మధ్య’ అన్న రెండు చిన్న మాటలు సరిగ్గా పడితే, కరెంటు కొలిచే అమ్మీటరును శ్రేణిలో, వోల్టేజి కొలిచే వోల్ట్‌మీటరును సమాంతరంగా ఎందుకు కలపాలో సగం తెలిసిపోతుంది.

— మాస్టారూ, సాయంత్రం మోటారు తిరగకపోతే మేం ‘కరెంటు తక్కువొస్తోంది’ అంటాం. అది తప్పా?

— వాడుకలో తప్పేం లేదండీ. 230 వోల్టులు రావాల్సిన చోట తగ్గిందని మీ భావం. మనం అన్నిటికీ ‘కరెంటు’ అనే ఒక్క మాటే వాడతాం, పాఠంలో మాత్రం విడదీయాలి.

— మరి స్విచ్ ఆపితే రెండూ పోతాయా?

— కరెంటు పోతుంది, వోల్టేజి పోదు, చోటు మారుతుంది! రెండు సెల్స్ టార్చి తీసుకోండి. ఆపగానే కరెంటు సున్నా, బల్బు కొనల మధ్య వోల్టేజీ సున్నా. ఆ 3 వోల్టులు ఇప్పుడు స్విచ్ రెండు కొనల మధ్య ఉంటాయి. మడవ కట్టేస్తే నీళ్లు ఆగుతాయి గానీ మెరక చదునైపోదు కదా. మల్టీమీటరు ఉంటే పెట్టి చూడండి. పుస్తకంలో పేరు మార్చమని నేను అనను, మొదటి రోజు పాఠం మాత్రం పొలం గట్టు మీద మొదలుపెట్టమంటాను.