జావాలో వేల వరుసల తెలుగు నివేదిక కూర్చడానికి ఇంత సమయం ఎందుకు పడుతోంది?

ప్రశ్న (కర్నూలు నుంచి):

మార్కెట్ యార్డులో ఉల్లి కొనే ఒక వ్యాపారి కోసం జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కల ప్రోగ్రాము రాస్తున్నాను. రైతు పేరు, ఊరు, సంచులు, తూకం, క్వింటా ధర కలిపి లాటుకు ఒక వరుస చొప్పున, సీజను మొత్తానికి 40,000 వరుసల నివేదిక కావాలి. ఖాళీ స్ట్రింగ్‌తో (పాఠ్యాన్ని ఉంచే విలువ) మొదలుపెట్టి, లూప్‌లో, అంటే అదే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగంలో, ప్లస్-ఈక్వల్స్‌తో (+=) ఒక్కో వరుసను దాని చివర చేరుస్తున్నాను. వెయ్యి వరుసల వరకు ఇబ్బంది కనిపించలేదు కానీ, మొత్తం సీజనుకు నడిపితే నిమిషం దాటినా పని పూర్తి కావడం లేదు. పైగా, ఊరి పేరు గడిలో పట్టేలా స్ట్రింగ్‌లో కొంత భాగాన్ని తీసే సబ్‌స్ట్రింగ్‌తో కత్తిరిస్తే చివరి అక్షరం విరిగిపోతోంది. దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (అనంతపురం నుంచి):

జావాలో స్ట్రింగ్ ఒకసారి తయారైతే మారదు. మీరు చివర ఒక వరుస చేర్చిన ప్రతిసారీ, అప్పటిదాకా ఉన్న పాఠ్యమంతా కొత్త చోటికి నకలై, ఆ తరువాతే కొత్త వరుస దానికి కలుస్తుంది. వరుసకు 60 అక్షరాలు అనుకుంటే మీ నివేదిక పొడవు 24 లక్షల అక్షరాలే. నకలయ్యేవి మాత్రం సుమారు 4,800 కోట్లు. వరుసలు రెట్టింపైతే పని నాలుగు రెట్లవుతుంది కనుకనే వెయ్యి వరుసల దగ్గర మీకు తేడా తెలియలేదు.

దీనికి, మార్చుకోగలిగే పాఠ్యాన్ని ఉంచే స్ట్రింగ్‌బఫర్ వాడండి. అందులో అపెండ్ చేస్తే, అంటే చివర చేరిస్తే, పాత పాఠ్యం ఉన్నచోటనే ఉంటుంది.

జవాబు 2 (కడప నుంచి):

పై వివరణ సరైనదే. అయితే స్ట్రింగ్‌బఫర్‌కు బదులు 2004లో జావా 5తో వచ్చిన స్ట్రింగ్‌బిల్డర్‌ను తీసుకోవడం మేలు. అనేక థ్రెడ్లు (ప్రోగ్రాములో ఒకేసారి నడిచే పనులు) ఒకేసారి తాకినా చెడకుండా బఫర్ ప్రతి పిలుపులోనూ తాళం వేసుకుంటుంది. మీ లూప్‌కు ఆ రక్షణ అవసరం లేదు.

బిల్డర్ మొదట 16 అక్షరాల చోటుతో మొదలై, నిండినప్పుడల్లా రెట్టింపుకు రెండు కలిపి, అంటే 34, 70, 142 అంటూ పెరుగుతుంది. అందువల్ల మీ 24 లక్షల అక్షరాలకు సుమారు 18 సార్లు మాత్రమే నకలు జరుగుతుంది. పొడవును ముందే అంచనా వేసి, బిల్డర్‌ను తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌కు ఇస్తే అదీ తప్పుతుంది. అపెండ్ బ్రాకెట్ల లోపల పేరు ప్లస్ కామా ప్లస్ ఊరు అని రాయకండి. అక్కడ మళ్లీ ఒక తాత్కాలిక స్ట్రింగ్ పుడుతుంది. ఒక్కొక్క ముక్కను విడిగా అపెండ్ చేయండి. మొత్తం సంచుల లెక్క పైన రావాలని చివర్లో సున్నా స్థానంలో, అంటే అన్నిటికన్నా ముందు, ఇన్సర్ట్ చేస్తే ఒక్కసారికి పరవాలేదు కానీ, ప్రతి వరుసనూ అలా ముందు చేరిస్తే పాఠ్యమంతా జరగవలసి వచ్చి పాత కథే మొదలవుతుంది.

అసలు మీ నివేదిక ఫైలులోకే వెళ్లేదైతే మొత్తాన్ని మెమరీలో కూర్చడం ఎందుకు? ఫైలులోకి రాసే బఫర్డ్‌రైటర్‌తో వరుస సిద్ధమైన వెంటనే రాసేయండి, ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని స్పష్టంగా పేర్కొనండి. నా దృష్టిలో మీకు తగిన మార్గం ఇదే.

జవాబు 3 (ఆదోని నుంచి):

అక్షరం విరగడం గురించి చెబుతాను. పత్తికొండ అన్న పేరు మన కంటికి నాలుగు అక్షరాలు, జావాకు తొమ్మిది: ప, త, పొల్లు, త, గుడి, క, ఒత్వం, సున్న, డ. మూడు దగ్గర కోస్తే పత్ అని, ఆరు దగ్గర కోస్తే పత్తిక అని మిగులుతుంది. రెండోది చూడటానికి సవ్యంగానే ఉంటుంది కనుక మరీ ప్రమాదం. ఊరి పేరు మారిపోయినా ఎవరి కంటా పడదు. పాఠ్యంలో హద్దులను చూపే జావా సాధనమైన బ్రేక్‌ఇటరేటర్‌లోని అక్షర విభాగాన్ని వాడి, అది చూపిన హద్దు దగ్గరే కత్తిరించండి. అది గుణింతాన్ని హల్లు నుంచి విడదీయదు. ఒత్తుల దగ్గర మాత్రం జావా వెర్షన్‌ను బట్టి ఫలితం మారవచ్చు కాబట్టి, ముక్క పొల్లుతో ముగిస్తే ఇంకొక హద్దు వెనక్కి జరగండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. బఫర్డ్‌రైటర్‌కు మార్చాక అదే కంప్యూటరులో 40,000 వరుసలు రెండు సెకన్ల లోపే పూర్తయ్యాయి. పొల్లు పరీక్షను కూడా చేర్చాను. అయినా రైతు చేతికి వెళ్లే కాగితంలో ఊరి పేరు కోతపడటం నాకు నచ్చలేదు. గడిని వెడల్పు చేసి పత్తికొండను పూర్తిగా అచ్చు వేయిస్తున్నాను.